కర్త నెరిగినవాడు క్రియలో తడబడడు

ఆదివారమునాడు అబిడ్స్‌లోని అంగళ్ళు మూతపడగా, వాని ముందరి కాలిబాటలపై పాతపుస్తకముల వర్తకులు తమ సరుకును పరచుకొని కూర్చుందురు. ఆ పుస్తకరాశుల చెంత వంగి నిలిచిన యువజనులలో అనేకులు వెదకునవి ఆంగ్ల వ్యాకరణములును, పోటీపరీక్షల ప్రశ్నల సంపుటములును. అచ్చటినుండి కొంతదూరము నడిచినచో నాంపల్లి వచ్చును. ఇంటర్మీడియట్ బోర్డు వారి విద్యాభవన్, ఉద్యోగార్థుల భాగధేయమును నిర్ణయించు పబ్లిక్ సర్వీస్ కమిషన్, క్రిమినల్ కోర్టులు, పబ్లిక్ గార్డెన్స్‌లో 1985లో నెలకొల్పబడిన తెలుగు విశ్వవిద్యాలయము, ఇవి యన్నియు ఆ పేటలోనివే. పుస్తకము కొనుచోటు, పరీక్ష పెట్టుచోటు, నేర్చిన భాష లోకవ్యవహారమున అక్కరకు వచ్చుచోటు, మాతృభాషకు శాస్త్రము చెప్పుచోటు ఇంత సమీపమున నుండియు, ఒకదాని విద్య మరియొకదానికి తోడ్పడకుండుట విచారింపదగిన విషయము. ఆ లోపము మిక్కిలి స్పష్టముగా గోచరించునది ఆంగ్లవాక్యములో కర్తకును క్రియకును వచనమున నుండవలసిన పొత్తునందు.

కర్త ఏకవచనమైన క్రియయు ఏకవచనమై, కర్త బహువచనమైన క్రియయు బహువచనమై యుండవలయునను సూత్రము చూచుటకు స్వల్పమైనది. దానిని వల్లించలేని విద్యార్థి యుండడు. అయినను వాక్యము వ్రాయబూనినపుడు ఆ సూత్రమే చేజారిపోవును; ఉపాధ్యాయులు ఎఱ్ఱసిరాతో దిద్ది, వీరికి ఇంగ్లీషు పట్టుబడదని నిట్టూర్తురు. ఈ నిర్ణయము అన్యాయమని నా దృఢవిశ్వాసము. కర్తృక్రియల పొత్తు తెలుగుబాలునకు బడికి రాకముందే అబ్బిన విద్య. ఆ విద్య తనయొద్ద నున్నదని అతనికి ఎవరును చెప్పకపోవుటయు, అతని భాషలోని వ్యాకరణమును మూలకు త్రోసి పరభాషావ్యాకరణమును శూన్యమునుండి ఆరంభించుటయు ఈ తడబాటునకు మూలకారణములు. కనుక ఆంగ్లవ్యాకరణమును తెలుగు వ్యాకరణముతో జతపరచి, రెంటిని ప్రక్కప్రక్కన నిలిపి బోధింపవలయునని ఈ వ్యాసమున నేను మనవి చేయదలచినాను.

ఈ పరిసరములకు ఆంగ్లవ్యాకరణము నిన్నమొన్న వచ్చినది కాదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువులో నుండిన ఆల్బర్ట్ ఆబిడ్ ఇచ్చట అంగడి పెట్టి ఈ పేటకు తన పేరు నిచ్చుటకు ఎంతో పూర్వమే, 1834 నాటిదని ప్రసిద్ధిగన్న సెయింట్ జార్జి గ్రామర్ స్కూలు తన పేరులోనే వ్యాకరణమును ధరించి వెలసినది. 1855లో ఆల్ సెయింట్స్ పాఠశాలయు, 1895లో స్టాన్లీ బాలికాపాఠశాలయు ఈ చుట్టుపట్లనే ఆరంభమైనవి. దేశమంతట తరతరముల విద్యార్థులు చదివిన రెన్, మార్టిన్‌ల వ్యాకరణమును సంస్కరించినవారుగా ఆ గ్రంథపు ముఖపత్రముమీద కనబడు పేరు ఎన్. డి. వి. ప్రసాదరావు గారిది. అయితే ఆ కాలమున ఆంగ్లవిద్య కొన్ని కుటుంబములకు పరిమితమై యుండెను; ఇంటను ఆంగ్లము వినబడు బాలురకు సూత్రము కొరవడినను చెవి సాయము చేసెడిది. 2022-23 విద్యాసంవత్సరమునుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 1వ తరగతి మొదలుకొని 8వ తరగతి వరకు ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడినది. కొందరి చెవికి అలవడిన భాష ఇపుడు అందరి బిడ్డలకును చదువు చెప్పు భాష యయ్యెను. చెవి సాయము లేనిచోట బుద్ధి సాయము కావలయును. బుద్ధికి ఆధారము తనకు లోగడ తెలిసిన విషయమే కావలయును గదా.

ఆంగ్లక్రియ నిజమునకు మిక్కిలి నిరాడంబరమైనది. ప్రాచీనాంగ్లమున క్రియకు బహువచనప్రత్యయము లుండెడివి. కాలక్రమమున అవి రాలిపోయినవి. నేడు భూతకాలమున 'కేమ్' అను ఒక్క రూపమే నాకును, నీకును, వానికిని, వారికిని, పశుపక్ష్యాదులకును సరిపోవును. వర్తమానమున ప్రథమపురుషైకవచనమునందు మాత్రము 'కమ్స్' అని చివర ఒక సకారము మిగిలినది. ఇదియు, 'యామ్, ఈజ్, ఆర్' మొదలగు కొన్ని రూపములును తప్ప ఆ భాషలో వచనబోధకమైన క్రియారూపములు లేవనియే చెప్పవచ్చును. అందులోను ఒక చిక్కు కలదు: నామమునకు చేరిన సకారము బహుత్వమును చెప్పుచుండగా, క్రియకు చేరిన సకారము ఏకత్వమును చెప్పును. 'ది బాయ్ కమ్స్', 'ది బాయ్స్ కమ్' అను రెండు వాక్యములను ప్రక్కప్రక్కన నుంచి, ఆ సకారము ఒక్కమారు మాత్రమే, కర్తకో క్రియకో, చేరునని చూపినచో చిన్నపిల్లలకును అది స్పష్టపడును.

తెలుగుక్రియ యన్ననో సంపన్నమైనది. వచ్చాను, వచ్చాము, వచ్చావు, వచ్చారు, వచ్చాడు, వచ్చింది, వచ్చాయి అని ఒక్క భూతకాలమునకే ఏడు రూపములు. వానిలో పురుషయు, వచనమును, లింగమును ఇమిడియుండుటచేత కర్తను చెప్పకున్నను వాక్యము నిలుచును. ఐదేండ్ల బిడ్డ కూడ 'పిల్లలు వచ్చాడు' అని పలుకదు. ఒక్క రూపముగల ఆంగ్లక్రియ ముందర ఏడు రూపముల నేలువాడు తడబడుట శక్తిహీనత యని ఎట్లు చెప్పగలము?

అతడు తడబడు తావులను నెమ్మదిగా పరిశీలించినచో వానికి కారణములు బయలుపడును. మొదటిది పదక్రమము. తెలుగున విశేషణములన్నియు ముందు నడచి, ప్రధానమైన నామము చివర వచ్చి క్రియను ఆనుకొని నిలుచును: 'కాలిబాట మీది పాత పుస్తకాల ధర పెరిగింది' అన్నపుడు పెరిగినది ధర; అది క్రియకు అతి సన్నిహితముగా నున్నది. ఆంగ్లమున ప్రధాననామము ముందే వచ్చి, దాని వెంట విశేషణపరివారము సాగి, క్రియ ఎక్కడనో దూరమున వచ్చును: 'ది ప్రైస్ ఆఫ్ ది ఓల్డ్ బుక్స్ ఆన్ ది పేవ్‌మెంట్ హాజ్ రిజెన్'. క్రియకు దాపున నున్న నామమే కర్త యగుటకు అలవడిన తెలుగుబుద్ధి మార్గమధ్యమున 'బుక్స్' అను బహువచనమును చూచి 'హావ్' అని వ్రాయును. ఆంగ్లమే మాతృభాషగా గలవారును ఇట్టి దీర్ఘవాక్యములలో తప్పుచుందురు. మనవారికి మాతృభాషాభ్యాసము తోడగుటచేత ప్రమాదము ఇంకను ఎక్కువ. 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్' తరువాత 'ఆర్' వ్రాయు బాలుని 'నా స్నేహితులలో ఒకడు వస్తున్నాడు' అను వాక్యము పలుకుమనుడు. వచ్చువాడు ఒక్కడే యని అతనికి తక్షణమే తోచును, 'ఈజ్' దానంతట వచ్చును. ఒక్క తెలుగువాక్యము పది ఎఱ్ఱగీతలు చేయలేని పనిని చేయగలదు.

రెండవ కారణము వస్తువులను లెక్కించు పద్ధతిలోని భేదము. 1858లో బాలవ్యాకరణమును ప్రకటించిన పరవస్తు చిన్నయసూరి మొదలుగా మన వైయాకరణులు నిత్యబహువచనములను గుర్తించియే యున్నారు. మనకు పాలు, నీళ్ళు, వడ్లు, పెసలు ఎన్నడును బహువచనములే: 'నీళ్ళు వచ్చాయి', 'పాలు విరిగిపోయాయి' అందుము. ఆంగ్లమున 'వాటర్', 'మిల్క్' ఏకవచనములు. కత్తెరయు, కళ్ళజోడును మనకు ఏకవచనములు కాగా, ఆంగ్లమున 'సిజర్స్', 'స్పెక్టకిల్స్' బహువచనములు. తెలుగులోనే వడ్లు బహువచనమై, అవే దంచిన పిదప బియ్యము ఏకవచన మగుచున్నది. కాబట్టి వస్తుస్వభావము వేరు, భాష దానిని లెక్కించు ఆచారము వేరు. ఈ మాట ఒక్కమారు తేటపరచినచో 'ఫర్నిచర్', 'ఇన్ఫర్మేషన్', 'లగేజ్' అను పదములకు బహువచనప్రత్యయము చేర్చు అలవాటు క్రమముగా వదలిపోవును.

మూడవది గౌరవబహువచనము. 'మాస్టారు వచ్చారు' అన్నపుడు మనిషి ఒక్కరే, క్రియ బహువచనము. నాంపల్లి వీధులలో వినబడు ఉర్దూలోను 'సాహబ్ ఆయే హైఁ' అని ఇదే మర్యాద కలదు. నగరబాలుని చెవికి సోకు రెండు దేశభాషలును పెద్దలను బహువచనమున గౌరవించుచుండగా, ఆంగ్లము మాత్రము తండ్రికిని, గురువునకును, రాష్ట్రపతికిని 'ఈజ్' అనియే చెప్పును. అందువలన ఆ భాష అమర్యాదకరమైన దని పిల్లలు తలపకుండునట్లు దాని చరిత్రను కూడ చెప్పవలయును. ఒకప్పుడు ఆంగ్లేయులును ఒక్కనిని 'దౌ' అని ఏకవచనమునను, గౌరవింపదగినవానిని 'యూ' అని బహువచనమునను సంబోధించిరి; క్రమముగా గౌరవరూపమే అందరికిని వ్యాపించి ఏకవచనరూపము మరుగుపడెను. పదునెనిమిదవ శతాబ్దమున ఒక్కనితో 'యూ వాజ్' అని మాటలాడుట వాడుకలో నుండగా, 1762లో వ్యాకరణమును ప్రకటించిన రాబర్ట్ లౌత్ దానిని దోష మని ఖండించెను. నేడు ఒక్కని నుద్దేశించి 'యూ ఆర్' అనుట మన 'మీరు వచ్చారు' వంటిదే. మర్యాద వాడుకలో కరిగిపోయి వ్యాకరణముగా మిగిలినది.

భేదములకంటె సామ్యములు మరింత ప్రయోజనకరములు. 'టెన్ రుపీస్ ఈజ్ ఇనఫ్' అను వాక్యమున బహువచనమునకు ఏకవచనక్రియ ఏల వచ్చెనని మన విద్యార్థులు విస్తుపోవుదురు. ఆ విద్యార్థియే అబిడ్స్‌లో ఆటో దిగి 'ఎనభై రూపాయలు అయింది' అని ఇంటికి వచ్చి చెప్పును, 'వచ్చి రెండేళ్ళు అయింది' అని చుట్టములతో పలుకును. ఒక మొత్తముగా తలచినపుడు అనేకము ఏకమగునని అతని నాలుకకు తెలియును. 'ది పోలీస్ ఆర్' అను ప్రయోగము వింతగా తోచువాడు, నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానములో జరుగు నుమాయిష్‌ను చూచివచ్చి 'జనం బాగా వచ్చారు' అనును. 'జనం' రూపమున ఏకవచనము, క్రియ మనుష్యబహువచనము. 'కమిటీ', 'గవర్నమెంట్' వంటి సమూహవాచకములకు బ్రిటిషువారు ఏకవచనమును, బహువచనమును గూడ వాడుచుండగా, అమెరికావారు సామాన్యముగా ఏకవచనమునే వాడుదురు. ఆ అమెరికా దేశమే 1865లో బానిసత్వమును నిషేధించిన పదమూడవ రాజ్యాంగసవరణలో తన్ను తాను బహువచనసర్వనామముతో నిర్దేశించుకొన్నది. నేడు ఆ దేశము పేరునకు ఏకవచనక్రియ చేర్చుట నియమము. రాష్ట్రముల సమూహ మను తలంపు నుండి ఒక్క దేశ మను తలంపునకు జరిగిన ప్రయాణము క్రియారూపములోను గుర్తు నిలిపినది.

మన గ్రాంథికభాష ఈ విషయమున ఇంకొక పాఠము చెప్పుచున్నది. 'బాలుడు వచ్చెను', 'బాలురు వచ్చిరి' అని మనుష్యుల యెడ వచనభేదమును పాటించు ఆ భాష, 'ఫలము పడెను', 'ఫలములు పడెను' అని ఇతరవస్తువుల యెడ క్రియను మార్చకుండ విడిచిపెట్టును. ప్రాచీన గ్రీకుభాషలోను నపుంసక బహువచనకర్తకు ఏకవచనక్రియ చెప్పుట నియమమై యుండుట ఆశ్చర్యము గొలుపు సామ్యము. సంస్కృతమున ఒకటికిని, పెక్కింటికిని నడుమ రెంటికి ద్వివచనము కలదు, అరబ్బీలోను కలదు. నాంపల్లిలో ఇద్దరు సాధుపురుషుల సమాధులకు నెలవైన దర్గాకు యూసుఫైన్ అను పేరు ఆ ద్వివచనముచేతనే వచ్చినది. ఈ విధముగా ఒక్కొక్క భాష ఒక్కొక్కచోట గీత గీచుకొని, ఇచ్చట ఏకము, ఇచ్చట అనేకము అని నిర్ణయించుకొన్నది. తన భాష ఎక్కడ గీచినదో ఎరిగిన బాలుడు, పరభాష ఎక్కడ గీచినదో సులభముగా గ్రహించును. తన దానినే ఎరుగనివానికి పరభాషానియమములన్నియు అకారణమైన ఆజ్ఞలుగా తోచును.

దీనికి రెండు ఆక్షేపణలు వినబడుచున్నవి. బిడ్డ మాతృభాషను వ్యాకరణము లేకుండ నేర్చినట్లే ఆంగ్లమును ఆంగ్లములోనే నేర్వవలయునని కొందరందురు. మాతృభాష పగలును రాత్రియు బిడ్డ చుట్టును మ్రోగుచుండును. నాంపల్లి బస్తీ బాలునకు ఆంగ్లము వినబడునది తరగతిగదిలోని కొన్ని గంటలే. వీధిలో 'లోగాఁ', 'బాతాఁ' అని దక్కనీ బహువచనములను, ఇంటిలో 'జనాలు', 'మాటలు' అని తెలుగు బహువచనములను కలగాపులగము చేయక వాడుకొను బాలుడు పోల్చుటయందు ఎంత నేర్పరియో మనము గమనింపవలయును. ఆ నేర్పును తరగతి వాకిటనే విడిచి లోనికి రమ్మనుట వివేకము కాదు. ఆంగ్లేయులు మన భాషను నేర్వవలసి వచ్చినపుడు ఏమి చేసిరి? 1816లో క్యాంబెల్, 1840లో బ్రౌన్, 1873లో ఆర్డెన్ తెలుగు వ్యాకరణములను ఆంగ్లమున రచించి, తమకు తెలిసిన దానితో తెలియనిదానిని సరిచూచుకొనుచు నేర్చిరి. వారికి తగిన మార్గము మన బిడ్డలకు తగకపోవునా?

భావము తెలిసిన చాలును, ఒక సకారము కొరకు ఇంత శ్రమ ఏల అని మరికొందరందురు. ఒక సంఘపు లెక్కల విషయమై అర్జీ వ్రాయుచున్నా మనుకొందము. 'ది సెక్రటరీ అండ్ ట్రెజరర్ హాజ్ సైన్డ్' అన్నచో రెండు పదవులు గల ఒక్కరే సంతకము చేసిరని అర్థము. 'హావ్' అన్నచో ఇద్దరు చేసిరని అర్థము. తెలుగున 'కార్యదర్శి, కోశాధికారి సంతకం చేశారు' అన్నపుడు గౌరవబహువచనము ఈ భేదమును కప్పివేయును. ఆంగ్లమున క్రియ దానిని చాటిచెప్పును. ఎందరు చేసిరన్నది బాధ్యతకు సంబంధించిన ప్రశ్న. నాంపల్లి కోర్టులలో ఒక కాగితము చదువబడునపుడు ఆ ప్రశ్న చిన్నది కాదు. కర్తను గుర్తించుట యనగా ఈ పని ఎవరిదో, ఎందరిదో నిర్ణయించుట. ఏ భాషలోనైనను పౌరునకు ఇంతకంటె అవసరమైన చదువు లేదు.

కావలసిన సాధనములు మన చేతిలోనే యున్నవి. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుండియు, తెలంగాణలో 2022-23 నుండియు ఒక పుటలో తెలుగును, ఎదుటిపుటలో ఆంగ్లమును గల ద్విభాషా పాఠ్యపుస్తకములు పిల్లల చేతికి వచ్చినవి. ఎదురెదురుగా నున్న ఆ పుటలే వ్యాకరణబోధకు అనువైన తావు: తెలుగువాక్యమున కర్తక్రింద ఒక గీత, ఆంగ్లవాక్యమున కర్తక్రింద ఒక గీత గీయించి, రెండింటను క్రియ దేనిని అనుసరించెనో పిల్లవానిచేతనే చెప్పించినచో, వేరు గ్రంథము అక్కరలేదు. 2018లో తెలంగాణ శాసనము పాఠశాలలలో తెలుగు బోధనను తప్పనిసరి చేసినది. ఆ తెలుగు తరగతిలో కర్తృకర్మక్రియల విచారము జీవముతో జరిగినచో ఆంగ్లోపాధ్యాయుని శ్రమలో సగము తగ్గును. తెలుగు, ఆంగ్లోపాధ్యాయులు ఇద్దరును ఒక్క పాఠమును కలిసి సిద్ధపరచుకొను ఏర్పాటు ప్రతి పాఠశాలలోను ఉండవలయును. 1958లో ఆంగ్లబోధనార్థమై ఈ నగరముననే స్థాపింపబడి నేడు ఆంగ్ల, విదేశీభాషల విశ్వవిద్యాలయముగా నున్న సంస్థయు, తెలుగు విశ్వవిద్యాలయమును కలిసి, బాలురకు అర్థమగు భాషలో ఒక తులనాత్మక వ్యాకరణమును రచించుట తమ ధర్మముగా భావింపవలయును.

పరీక్షాధికారులకును ఒక విన్నపము. నాలుగు విడివిడి ముక్కలలో దోషమెచ్చట నున్నదో అక్షరముతో గుర్తింపుమనునట్టి ప్రశ్నకు ఊహచేత సమాధానము తగులవచ్చును. దాని స్థానమున, ఈ వాక్యమునకు కర్త యేది, క్రియ ఈ రూపము నేల దాల్చెను అని ఒక్క వాక్యమున వివరింపుమన్నచో విద్యార్థి ఆలోచింపక తప్పదు. గ్రూప్-1 మెయిన్స్‌లో సామాన్యాంగ్లము అర్హతాపత్రముగా నున్నది. రేపు ఉత్తరువులు వ్రాయబోవు అధికారికి ఆ పరీక్ష నిజముగా తోడ్పడవలయునన్నచో, ప్రశ్న కర్తను వెదకించునదిగా నుండవలయును. పరీక్ష మారినచో పాఠము మారును. పాఠము మారినచో కాలిబాటమీద అమ్ముడగు పుస్తకమును మారును.

ఆంగ్లమును తప్పులు లేకుండ వ్రాయుట నేర్చుకొనుడని మన బిడ్డల నడుగు హక్కు మనకు కలదు. కాని ఆ హక్కుతోడనే వారి భాషను వారికి అర్థపరచు బాధ్యతయు మనదే. తన తెలుగువాక్యములో కర్తను చూపి, అది ఒకటియో అనేకమో చెప్పి, క్రియ దానిని ఎట్లనుసరించెనో వివరింపగల బాలుడు ఆంగ్లమున సగము దారి నడిచినవాడే. మిగిలిన సగమునకు సూత్రములు చాలును. ఆ మొదటి సగమును ఇంతకాలము మనము నేర్పలేదు. నేర్పుటకు ఈ విద్యాసంవత్సరము కంటె మేలైన ముహూర్తము కొరకు వేచియుండ పనిలేదు.